పీహెచ్‌జీడీహెచ్ జీన్‌లో మార్పు ఉందని రిపోర్టు వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ విషయం తెలియాలి కదా. మీది పలమనేరు దగ్గర పల్లె. సొంత మేనమామను చేసుకున్నారు. పాపకి ఇప్పుడు ఎనిమిదో నెల. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 30 సెంటీమీటర్లని డిశ్చార్జి కాగితంలో రాసినా ఎవరూ పట్టించుకోలేదు. ఐదో నెలలో కొండకి తీసుకెళ్ళి పుట్టువెంట్రుకలు తీయించాక తల చిన్నదని అందరికీ కనబడింది. ఆరో నెల నుంచి నిద్ర లేవగానే ఉలిక్కిపడ్డట్టు వరసగా ఫిట్స్. తిరుపతిలో చూపిస్తే ఎమ్మారై తీసి, రక్తం ఎక్సోమ్ పరీక్షకి, అంటే జీన్లన్నీ ఒకేసారి చదివే పరీక్షకి పంపారు. పీహెచ్‌జీడీహెచ్ అనే జీన్ రెండు కాపీల్లోనూ ఒకే మార్పు ఉందని, కానీ అది హాని చేసేదో కాదో తేల్చలేమని, అంటే వీయూఎస్ అని రిపోర్టులో రాశారు. ఇదే కారణమా, మందు ఉందా, ఇంకో బిడ్డని కనొచ్చా అని అడిగారు. చివర్లో తమ్ముడి సంబంధం సంగతి కూడా.

తిరుపతిలో పిల్లల డాక్టరుగా చాలాకాలం పనిచేశాను, అందులో జీవక్రియ లోపాలున్న పిల్లలే ఎక్కువ. ఆ అనుభవంతో ముందు ఒక్క మాట చెప్తాను, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ వారంలోనే పాప రక్తంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఎంతుందో కొలిపించండి. పొద్దున పాలు పట్టకముందు రక్తం తీయాలి. మందుగా వాడే సెరీన్ పొడి ఇంట్లోకి రాకముందే తీయాలి. మీ మూడు ప్రశ్నలకీ జవాబు ఆ ఒక్క కొలత మీదే ఆధారపడి ఉంది. ఎందుకో చెప్తాను.

మనం తినే అన్నం, సంగటి, పాలలోని చక్కెర చివరికి గ్లూకోజుగా మారి కణాల్లోకి పోతుంది. అక్కడ అది మెట్టు మెట్టుగా విరిగి శక్తినిస్తుంది. చెరువు నుంచి పెద్ద కాలువ పోతుంటే మధ్యలో తూము పెట్టి పక్క పొలానికి నీళ్ళు మళ్ళించినట్టు, ఆ దారి మధ్యలో ఒకచోట కొంత సరుకు పక్కకి మళ్ళుతుంది. అలా మళ్ళిన సరుకు పేరు 3-ఫాస్ఫోగ్లిసరేట్. దాన్ని మళ్ళించే తూమే ఫాస్ఫోగ్లిసరేట్ డీహైడ్రోజనేస్ అనే ఎంజైమ్. ఆ ఎంజైమ్‌ని తయారుచేసే సూచన ఒకటో క్రోమోజోములో ఉంటుంది, దాని పొట్టి పేరే మీ రిపోర్టులోని పీహెచ్‌జీడీహెచ్. ఇది మొదటి మెట్టు. దీని తర్వాత ఇంకో రెండు ఎంజైమ్‌లు పనిచేస్తాయి, వాటి జీన్ల పేర్లు పీశాట్1, పీఎస్పీహెచ్. మూడు మెట్లూ దాటితే సెరీన్ తయారవుతుంది.

పుస్తకాల్లో సెరీన్‌ని 'అత్యవసరం కాని' అమైనో ఆమ్లం అంటారు. ఆ మాట విని అది లేకపోయినా ఫరవాలేదనుకోకండి. తిండి నుంచే రావాల్సిన అవసరం లేదు, ఒంట్లోనే తయారవుతుంది అని మాత్రమే ఆ మాటకి అర్థం. లేకపోతే మాత్రం చాలా పనులు ఆగిపోతాయి. దాని నుంచే గ్లైసీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వస్తుంది. కొత్త కణాలు పుట్టాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకి కావాల్సిన ఏకకార్బన్ ముక్కల్ని ఫోలేట్ అనే విటమిన్‌కి అందించేది ప్రధానంగా సెరీనే. నరాల మీద ఉండే కొవ్వు తొడుగులోని స్ఫింగోలిపిడ్లకీ అదే మొదటి దినుసు. కణాల పొరలోని ఫాస్ఫటిడిల్‌సెరీన్‌కీ అదే కావాలి. మెదడులో దాన్నుంచి డి-సెరీన్ అనే ఇంకో రూపం తయారై, నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ ముఖ్యమైన ఎన్ఎండీఏ గ్రాహకాలు తెరుచుకోవడానికి సాయపడుతుంది.

మరి ఒంట్లో మిగతాచోట్ల పెద్దగా తేడా కనబడకుండా మెదడే ఎందుకు దెబ్బతింటుందని మీకు అనుమానం రావచ్చు. కాలేయానికీ కండరాలకీ రక్తంలోని సెరీన్ అందుతుంది, తిండి నుంచి వచ్చింది కూడా కలుస్తుంది. మెదడు చుట్టూ ఉన్న అడ్డుగోడని దాటి రక్తంలోని సెరీన్ లోపలికి వెళ్ళడం కష్టం. అందుకని మెదడు తన సెరీన్‌ని తానే చేసుకుంటుంది. ఆ పని చేసేవి నాడీకణాలు కావు, వాటి పక్కనుండే ఆస్ట్రోసైట్లు. కడుపులో పిండం మెదడు పెరిగేటప్పుడు కొత్త నాడీకణాల్ని పుట్టించే రేడియల్ గ్లియా కణాల్లోనూ ఈ ఎంజైమ్ దండిగా ఉంటుంది. నాడీకణాలు వీటి దగ్గర్నుంచి సెరీన్ తీసుకుని బతుకుతాయి. ఎంజైమ్ సరిగా లేకపోతే కణాల సంఖ్య తగ్గి తల చిన్నదవుతుంది, తెల్లపదార్థం పలచబడుతుంది, నరాల తొడుగు సరిగా ఏర్పడదు. ఎలుకల్లో ఈ జీన్‌ని పూర్తిగా తీసేసి చూశారు, పిల్లలు తల్లి కడుపులోనే చనిపోయాయి. మనుషుల్లో దొరికే మార్పులు ఎంజైమ్‌ని పూర్తిగా ఆపవు, కొంత పని మిగులుస్తాయి. ఎంత మిగిలిందన్న దాన్నిబట్టే జబ్బు తీవ్రత ఉంటుంది. మరీ తక్కువ మిగిలితే న్యూ-లక్సోవా సిండ్రోమ్ అనే ప్రాణాంతక రూపం వస్తుంది, అది కూడా ఇదే దారిలోని మూడు జీన్ల జబ్బేనని 2014లో తేలింది. పెద్దయ్యాక నడకలో, నరాల్లో తేడాగా మాత్రమే బయటపడ్డ తేలిక రూపాలూ ఉన్నాయి.

ఈ జబ్బుని మొదట గుర్తించింది బెల్జియంలో. 1996లో యాక్ యాకెన్ బృందం ఇద్దరు అన్నదమ్ముల్లో దీన్ని చూపించింది. పుట్టుకతోనే చిన్న తల, ఆగని ఫిట్స్, ఎదుగుదల లేకపోవడం, వెన్నునీటిలో సెరీన్, గ్లైసీన్ బాగా తక్కువ. మీ పాప వివరాలు అందుకు దగ్గరగానే ఉన్నాయి. పుట్టినప్పటికే తల చిన్నది. ఇప్పుడు 38 సెంటీమీటర్లని రాశారు, ఆ వయసు ఆడపిల్లలకి సగటున 43 పైచిలుకు ఉండాలి. గుత్తులు గుత్తులుగా వచ్చే ఫిట్స్. ఎమ్మారైలో తెల్లపదార్థం తక్కువ, రెండు మెదడు భాగాల్ని కలిపే కార్పస్ కలోసం పలచన. కాళ్ళూ చేతులూ బిగుసుకుంటున్నాయని కూడా అన్నారు. అలాగని ఇదే జబ్బని చెప్పేయలేను, ఈ లక్షణాలన్నీ వేరే జబ్బుల్లోనూ ఉంటాయి. కంటి డాక్టరుకి ఒకసారి చూపించండి, ఈ జబ్బున్న కొందరు పిల్లల్లో శుక్లాలు ఉంటాయి.

ఇక ఆ 'తేల్చలేం' అన్న మాట. ల్యాబ్‌లు జీన్ మార్పుల్ని ఐదు తరగతులుగా రాస్తాయి. ఖచ్చితంగా హానికరం, బహుశా హానికరం, తేల్చలేనిది, బహుశా హాని లేనిది, హాని లేనిది. మీది నడిమి తరగతి. దాన్ని చూసి ఒక డాక్టరు 'అదేం కాదులెండి' అన్నారని, ఇంకొకరు 'ఇదే జబ్బు, మందు లేదు' అన్నారని రాశారు. ఇద్దరూ తొందరపడ్డారు. ఎంజైమ్‌లోని ఒక్క అమైనో ఆమ్లం మారితే పని పోతుందో లేదో కంప్యూటర్ అంచనా వేస్తుందంతే. పాప ఒంట్లో ఆ ఎంజైమ్ పని చేస్తోందో లేదో తెలియాలంటే అది తయారుచేసే సరుకుని కొలవాలి. ఎంజైమ్ జీన్ల విషయంలో మనకున్న అదృష్టం ఇదే. చాలా జన్యు జబ్బుల్లో కాగితం మీది అక్షరాలు తప్ప ఇంకేమీ చేతికి దొరకదు.

మీ ఇంటి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మేనమామ-మేనకోడలు దంపతులకి పుట్టిన బిడ్డలో సగటున ఎనిమిదో వంతు జీన్లు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఒక్కలాగే ఉంటాయి. అత్తకొడుకునో మామకొడుకునో చేసుకుంటే అది పదహారో వంతు. కాబట్టి మీ పాప ఎక్సోమ్‌లో 'రెండు కాపీల్లోనూ ఒకే మార్పు' అని చాలాచోట్ల కనబడుతుంది. అందులో చాలావరకు ఏ పాపం ఎరగనివి. పీహెచ్‌జీడీహెచ్ కూడా వాటిలో ఒకటై, అసలు కారణం వేరే జీన్‌లో దాక్కుని ఉండొచ్చు. సెరీన్ కొలిస్తే ఆ సంగతీ బయటపడుతుంది.

కొలత ఎలా తీయాలో వివరంగా చెప్తాను, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 'ప్లాస్మా అమైనో ఆసిడ్స్, క్వాంటిటేటివ్' అని అడగాలి. పుట్టగానే మడమ నుంచి చుక్క తీసి చేసే టీఎంఎస్ స్క్రీనింగ్ వేరు. అది నార్మల్ వచ్చిందని చెప్పి దీన్ని కొట్టిపారేయకూడదు, మామూలు స్క్రీనింగ్ జాబితాలో ఈ జబ్బు ఉండదు. పాలు తాగిన గంటకే రక్తం తీస్తే తిండిలోని సెరీన్ కలిసి మామూలుగా కనబడుతుంది, అందుకే రాత్రి చివరి పాల తర్వాత పొద్దున పట్టకముందు తీయమన్నాను. అలాగని చంటిబిడ్డని గంటలకొద్దీ పస్తు పెట్టొద్దు, మూడు నాలుగు గంటలు చాలు, అదీ డాక్టరుకి చెప్పి. తీసిన వెంటనే ప్లాస్మా వేరుచేసి మంచులో పెట్టాలి. పలమనేరులో తీసి బస్సులో పంపే పని వద్దు. చిత్తూరు జిల్లా వాళ్ళకి వెల్లూరు సీఎంసీ దగ్గర, అక్కడ జన్యు విభాగం ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి అరుదైన జబ్బులకి కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రంగా ఉన్నాయి. మీకు ఏది వీలైతే అక్కడికి పాపని తీసుకెళ్ళి అక్కడే రక్తం ఇవ్వండి.

రక్తంలో తేడా స్వల్పంగా ఉంటే వెన్నునీరు చూడాలి, నిజానికి ఈ జబ్బుకి అదే గట్టి రుజువు. వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుం నొప్పి ఉంటుందని మీ ఊళ్ళో ఎవరో అన్నారట. అలాంటిదేం లేదు. తీసేది కొన్ని చుక్కలు, ఒంట్లో ఆ నీరు రోజూ కొత్తగా ఊరుతూనే ఉంటుంది. ఆ నమూనాని వెంటనే గడ్డకట్టించాలి, పాప వయసుకి తగ్గ కొలమానంతోనే పోల్చాలి. చంటిపిల్లల వెన్నునీటిలో సెరీన్ పెద్దవాళ్ళకంటే ఎక్కువగా ఉంటుంది. పెద్దల లెక్కతో పోలిస్తే లోపం ఉన్న పాప కూడా మామూలుగా కనబడొచ్చు.

నమూనా ఇచ్చేశాక ఫలితం కోసం వారాలకొద్దీ ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఇది నా గట్టి అభిప్రాయం, దీన్ని మీ న్యూరాలజీ డాక్టరుతో మాట్లాడండి. లక్షణాలు ఇంత కలుస్తున్నప్పుడు, మందు ఇంత నిరపాయకరమైనది అయినప్పుడు, నమూనా తీసిన రోజే సెరీన్ మొదలుపెట్టి, ఫలితం వచ్చాక కొనసాగించడమో ఆపడమో చేయొచ్చు. ముందే మొదలుపెట్టి తర్వాత రక్తం తీస్తే మాత్రం ఆ కొలతకి విలువుండదు.

మందు అంటే ఎల్-సెరీన్, తెల్లటి పొడి, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, కొంచెం తియ్యగా ఉంటుంది. చికిత్సలో వాడినవి పెద్ద మోతాదులు, కిలో బరువుకి రోజుకి 500 మిల్లీగ్రాములు, కొందరికి అంతకంటే ఎక్కువ. దాన్ని నాలుగు నుంచి ఆరు విడతలుగా పంచి ఇస్తారు. కొందరికి గ్లైసీన్ కూడా కలుపుతారు. అడ్డుగోడ దాటించాలి కాబట్టే ఇంత మోతాదు. మీ పాప ఆరున్నర కిలోలంటే రోజుకి మూడు గ్రాముల పైమాటే. ఎంత మొదలుపెట్టాలి, ఎలా పెంచాలి అన్నది డాక్టరు రక్తపు లెక్కలు చూసుకుంటూ నిర్ణయించాలి, మీరు చెంచాతో కొలిచి వేయకండి.

వేరుశనగ పాలు పట్టమని మీ పెద్దమ్మ చెప్పారని రాశారు. వేరుశనగలో సెరీన్ ఉన్నమాట నిజమే, వంద గ్రాములకి సుమారు ఒకటింపావు గ్రాము. మూడు గ్రాముల పైన కావాలంటే ఎనిమిది నెలల పాపకి రోజూ పావుకిలో గింజలు పెట్టాలి! తిండితో ఇది తీరదు. మీ పాలు మాత్రం మానొద్దు. వసకొమ్ము అరగదీసి నాకించడం, గోరోజనం లాంటివి ఫిట్స్ మందులు వాడుతున్నంతకాలం పక్కన పెట్టండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆన్‌లైన్‌లో 'ఫాస్ఫటిడిల్‌సెరీన్' అని జ్ఞాపకశక్తి కాప్సూల్స్ అమ్ముతారు, అవి వేరు, దీనికి పనికిరావు. 'డి-సెరీన్' లేదా 'డీఎల్-సెరీన్' అని రాసినవి అసలు ముట్టుకోవద్దు. పెద్ద మోతాదు డి-సెరీన్ ఎలుకల మూత్రపిండాల్ని పాడుచేసింది. సీసా మీద ఎల్-సెరీన్ అని మాత్రమే ఉండాలి, చక్కెర, రుచులు కలిపినది కాకూడదు. ఆసుపత్రి ఫార్మసీ ద్వారా తెప్పించుకుంటే ఇంకా మంచిది.

ఏం ఆశించవచ్చు? ఈ జబ్బే అయితే ఫిట్స్ మీద దీని ప్రభావం బాగుంటుంది. ఎన్ని మందులకీ లొంగని ఫిట్స్ సెరీన్ మొదలుపెట్టాక రోజుల్లోనో వారాల్లోనో తగ్గిన పిల్లలున్నారు. ఏడుపు, చిరాకు తగ్గుతాయి, చూపు నిలుస్తుంది, నిద్ర పడుతుంది. తల్లులు ముందు గమనించేది ఇవే. తల మాత్రం పెద్దగా పెరగదు. కడుపులో ఉండగానే తగ్గిపోయిన కణాల్ని పొడి తిరిగి తేలేదు. కూర్చోవడం, మాట, తెలివి విషయంలో ఎనిమిదో నెలలో మొదలుపెట్టిన పాపకి కొంత మెరుగు ఉండొచ్చు గానీ తోటిపిల్లలతో సమానంగా వస్తుందని నేను మీకు ఆశ పెట్టను. ఇప్పుడు వాడుతున్న ఫిట్స్ మందుల్ని మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి, సెరీన్ పని చేసినా సరే. వాటిని తగ్గించేది ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) చూశాకే.

ఇక ఇంట్లో గొడవ. మీ పెళ్ళి వరసలో మీ అత్తగారు మీకు అమ్మమ్మే. ఆమె మొదట గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం పట్టింపు చేయలేదని మిమ్మల్ని అన్నారు, రిపోర్టు వచ్చాక 'మీ నాన్న వంశం నుంచి వచ్చింది' అంటున్నారు. గ్రహణం మాట వదిలేయండి. ఈ మార్పు బిడ్డ కడుపున పడ్డ క్షణానికే ఉంది, ఆ తర్వాత మీరు చేసిన, చేయని ఏ పనికీ దీనితో సంబంధం లేదు.

వంశం మాటకి మాత్రం లెక్క ఉంది. పాపకి ఒక కాపీ మీ ఆయన నుంచి, ఒకటి మీ నుంచి వచ్చాయి. రెండూ అచ్చం ఒకే మార్పు. మీ ఆయనకి అది ఆయన అమ్మనుంచో నాన్ననుంచో వచ్చి ఉంటుంది, అంటే మీ అమ్మమ్మో తాతయ్యో. మీకు అది చాలావరకు మీ అమ్మ ద్వారా వచ్చి ఉంటుంది, మీ అమ్మ మీ ఆయనకి సొంత అక్క కదా. ఆమెకి వచ్చింది ఆ ఇద్దరిలో ఒకరి నుంచే. మీ నాన్నగారికి దీనితో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. దీన్ని అమ్మమ్మ మీదికి తిప్పి కొట్టమని నేను చెప్పడం లేదు. ప్రతి మనిషిలోనూ ఇలాంటి పాడైన కాపీలు కొన్ని ఉంటాయి, ఒక్కటే ఉంటే రెండో మంచి కాపీ పని నడిపిస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. అదే పాడైన కాపీ ఒకే ఇంట్లో తిరిగి తిరిగి రెండువైపుల నుంచీ ఒక బిడ్డ దగ్గర కలిసినప్పుడే చిక్కు. అమ్మమ్మకి ఈ వంశవృక్షం ఒక కాగితం మీద గీసి చూపించండి. తెలిసిన పెద్దావిడ, అర్థం చేసుకుంటారు.

మీ దంపతులిద్దరూ రక్తమిచ్చి ఈ ఒక్క మార్పు ఉందో లేదో చూపించుకోవాలి. సాంగర్ పరీక్ష అంటారు, ఎక్సోమ్‌తో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. ఇద్దరికీ ఒక్కో కాపీ ఉందని రావాలి. ఒకరికే ఉందని వస్తే లెక్క మారుతుంది. పాపలో ఒక కాపీ అసలే లేకపోవడమో, రెండు కాపీలూ ఒకరి నుంచే రావడమో జరిగి ఉంటుంది, అప్పుడు జన్యు వైద్యులు వేరే పరీక్ష చేస్తారు.

ఒక కాపీ ఉన్నవాళ్ళకి జబ్బు రాదు. గూగుల్లో పీహెచ్‌జీడీహెచ్ అని కొడితే క్యాన్సర్ పేజీలు వచ్చాయని భయపడ్డారు. కొన్ని రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఈ జీన్ కాపీలు ఎక్కువై, గడ్డ పెరగడానికి సెరీన్‌ని విపరీతంగా చేసుకుంటుందని 2011లో తేలింది. అది గడ్డలో జరిగే మార్పు, ఎంజైమ్ ఎక్కువవడం. మీది ఎంజైమ్ తగ్గడం. దానికీ దీనికీ పొంతన లేదు, టెన్షన్ పడకండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఒక కాపీ పాడైన కొందరికి నడివయసులో మాక్యులర్ టెలాంజిక్టేజియా అనే రెటీనా సమస్య వస్తున్నట్టు 2021లో పరిశోధకులు చూపించారు. అది అరుదు. నలభై దాటాక చదివేటప్పుడు అక్షరాలు వంకరగా, మధ్యలో చెరిగినట్టు కనబడితే మీరుగానీ మీ ఆయనగానీ మీ అమ్మగానీ రెటీనా డాక్టరుకి చూపించుకుంటే సరిపోతుంది.

తమ్ముడి సంగతి. పెద్ద మేనమామ కూతుర్ని చేసుకోవాలని మాట్లాడుకున్నారట, అంటే మీ బావగారి అమ్మాయి. మీ అమ్మకి ఒక కాపీ ఉంటే తమ్ముడికి ఉండే అవకాశం సగం. ఆ అమ్మాయికి నాలుగో వంతు. ఇద్దరికీ ఇదే సాంగర్ పరీక్ష చేయించండి. ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా వాళ్ళ పిల్లలకి ఈ జబ్బు రాదు. కానీ అది ఈ ఒక్క జీన్‌కే భరోసా, మిగతా జీన్ల మాట తేలదు. నన్నడిగితే బయటి సంబంధం చూడమనే అంటాను. మేనరికాలతో బాగున్న ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి, ఇప్పటికే ఒక బిడ్డతో తేలిన ఇంట్లో మళ్ళీ అదే ఇంటికి ఎందుకు వెళ్ళాలి? పిల్లలిద్దరూ ఇష్టపడి పట్టుబడితే ఆపడం ఎవరివల్లా కాదు, అప్పుడు పెళ్ళికి ముందు జన్యు సలహాకి పంపండి. పరీక్ష ఫలితం మాత్రం ఊరంతా తెలియనివ్వొద్దు, మన దగ్గర 'ఆ అమ్మాయికి జీన్ రోగం' అన్న మాట ఒకసారి పడిందంటే పోదు.

ఇప్పుడు ఇంకో బిడ్డ. ఇద్దరికీ ఒక్కో కాపీ ఉంటే ప్రతి గర్భానికీ నాలుగింట ఒక వంతు ప్రమాదం, ప్రతిసారీ అంతే. మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక రాదులే అనుకోవడానికి లేదు. సెరీన్ కొలత ఎందుకు ముందన్నానో ఇక్కడ తెలుస్తుంది. 'తేల్చలేం' అన్న మార్పు ఆధారంగా కడుపులోని బిడ్డకి పరీక్ష చేయడానికి ఏ మంచి జన్యు కేంద్రమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. పాపలో సెరీన్ తక్కువని తేలితే ఆ మార్పు హానికరమని చెప్పడానికి బలం వస్తుంది, తరగతి మారే అవకాశం ఉంటుంది. అప్పుడు 11వ వారం దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి, లేదా 16వ వారం తర్వాత ఉమ్మనీరు తీసి చూడొచ్చు. ఆడో మగో మాత్రం చెప్పరు, చట్టం ఒప్పుకోదు, అడగొద్దు.

బిడ్డకి జబ్బు ఉందని తేలితే ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం. గర్భం తీయించుకోవడం చట్టప్రకారం ఒక దారి, దానికి వారాల పరిమితులున్నాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు. చాలా జన్యు జబ్బుల్లో ఇంకో దారి ఉండదు. ఇందులో ఉంది. 2004లో నెదర్లాండ్స్ వైద్యులు రాసిన ఒక కేసు చెప్తాను. ఇదే జబ్బున్న పిల్లలు ముందే ఉన్న తల్లి మళ్ళీ గర్భవతి అయింది, బిడ్డకి జబ్బు ఉందని తెలిసింది. 20వ వారం స్కాన్‌లో తల బాగానే ఉంది, 26వ వారానికి వెనకబడింది. అప్పుడు తల్లికి సెరీన్ ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్ని వారాల్లో తల చుట్టుకొలత మళ్ళీ పుంజుకుంది. బిడ్డ పుట్టాక కూడా సెరీన్ కొనసాగించారు. నాలుగేళ్ళ వయసుకి ఆ పాప ఎదుగుదల మామూలుగా ఉంది. ఒక్క కేసుతో లోకమంతా మారిపోదు, మీ పాపలోని మార్పు ఎంత తీవ్రమైనదో దాన్నిబట్టి ఫలితం మారుతుంది. కానీ పుట్టాక మందు వేయడానికీ, కడుపులోనే వేయడానికీ ఎంత తేడా ఉందో అది చెప్తుంది. అందుకే ఈ పాప గురించి తెలుసుకునే ప్రతి విషయమూ తర్వాతి బిడ్డకి అక్కరకొస్తుంది. గర్భం రాకముందే జన్యు డాక్టరుని కలవండి, మూడో నెల దాటాక కాదు.

సెరీన్ మామూలుగా వస్తే? అప్పుడు ఈ జీన్‌ని వదిలేయాలి, దాన్ని పట్టుకుని వేలాడకూడదు. ఎక్సోమ్ చేసిన ల్యాబ్‌ని ముడి డేటా అడగండి, హార్డ్‌డిస్కులో వేసి దాచుకోండి. ఏడాది రెండేళ్ళకొకసారి దాన్ని మళ్ళీ విశ్లేషిస్తే కొత్తగా తెలిసిన జీన్లలో కారణం దొరుకుతుంటుంది. డబ్బు కట్టి చేయించుకున్న పరీక్ష మీది, డేటా అడగడానికి మొహమాటపడొద్దు.

ఏ ఫలితం వచ్చినా ఆపకూడని పనులు కొన్ని. ఫిజియోథెరపీ ఇప్పటినుంచే చేయించండి, కీళ్ళు బిగిసిపోయాక చేస్తే ఫలితం తక్కువ. తిరుపతిలో దేవస్థానం వాళ్ళ బర్డ్ ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల కాళ్ళు, చేతుల చికిత్స చూస్తారు. మీ ఏఎన్ఎమ్‌ని అడిగి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం) కింద ప్రత్యేక సేవలకి పాప పేరు రాయించండి. వైకల్యానికిచ్చే సదరం సర్టిఫికెట్ గురించి కూడా కనుక్కోండి, పింఛను వరకు రాకపోయినా తర్వాత చాలా కాగితాలకి అదే అడుగుతారు.

వెల్లూరుకో హైదరాబాదుకో వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, పుట్టినప్పటినుంచి తల కొలతలన్నీ ఒకే కాగితం మీద తేదీలతో రాసి, ఎమ్మారై సీడీ, ఎక్సోమ్ పూర్తి రిపోర్టు (మొదటి పేజీ మాత్రమే కాదు), ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియో పట్టుకెళ్ళండి. ఫలితం వచ్చాక సెరీన్, గ్లైసీన్ రెండు అంకెలూ, వాటి యూనిట్లు, పక్కన ల్యాబ్ రాసిన రెఫరెన్స్, చివరిసారి పాలు పట్టిన టైమూ ఇక్కడ రాయండి. పాప పేరు, ఆసుపత్రి నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.